ఈశాన్యంలో ఎండిన సముద్రం

మా మేడ మీద గదిలో అద్దెకు దిగిన హరితది విశాఖపట్నం. కిటికీ తీస్తే సముద్రం కనపడే ఇల్లు వదిలిపెట్టి, సముద్రం కోసం మా గురజాల వచ్చింది. ఈ మాట మొదటిసారి విన్నప్పుడు మావారు వీరాంజనేయులు గారు, గది ఇంకెవరికైనా ఇస్తే పోలా అన్నట్టు నా వైపు చూశారు.

పిల్ల పిచ్చిది కాదు. యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. మనం తిరిగే ఈ పల్నాడంతా ఒకప్పుడు సముద్రం అడుగున ఉందట. దాదాపు వంద కోట్ల ఏళ్ళ కిందటి సంగతి, కాస్త అటూ ఇటూ అంది. అటూ ఇటూ అంటే ఎంతమ్మా అని అడిగితే, పది ఇరవై కోట్ల ఏళ్ళు ఉండొచ్చు ఆంటీ అంది. గ్యాస్ బండ తెచ్చేవాడు 'వచ్చేస్తన్నా' అన్నట్టే ఉంది గానీ, ఆ పిల్ల మొహంలో మాత్రం అనుమానం లేదు. ఆ సముద్రంలో పొరలు పొరలుగా పేరుకున్న సున్నపు బురదే గట్టిపడి రాయి అయిందట. ఆ రాయినే మనం బట్టీల్లో కాల్చి సున్నం చేస్తున్నాం, పిండి కొట్టి సిమెంటు చేస్తున్నాం, బండలు కోసి ఇళ్ళల్లో పరుచుకుంటున్నాం. అంటే ఇన్నాళ్ళూ నేను మధ్యాహ్నం చాప వేసుకుని నడుం వాల్చింది సముద్రం అడుగున అన్నమాట.

పక్కింటి జాన్‌బీకి ఈ సంగతి చెప్పాను. వాళ్ళాయన సత్తార్ బండలు పరిచే మేస్త్రీ. మా లైన్లో ఇళ్ళన్నిటికీ నేల ఆయన చేతి మీదే వచ్చింది. జాన్‌బీ శ్రద్ధగా విని, ఆ సముద్రంలో ఏం చేపలు ఉండేవని హరితను అడిగింది. అప్పటికి చేపలు ఇంకా పుట్టలేదనీ, కంటికి కనపడని నాచులాంటి జీవాలే ఉండేవనీ హరిత చెప్పింది.

"చేపల్లేని సముద్రం ఏందమ్మా," అంది జాన్‌బీ. "దానికోసమా నువ్వు ఎండలో తిరిగేది?"

తిరగడమంటే మామూలు తిరగడం కాదు. దీపావళి వెళ్ళాక వచ్చిన పిల్ల ఏప్రిల్ నాటికి రంగు మారిపోయింది. పొద్దున్నే సుత్తి, భూతద్దం, రాయిని పరీక్షించే చిన్న యాసిడ్ సీసా సంచిలో వేసుకుని బస్సెక్కేది. సాయంత్రం దుమ్ము కొట్టుకుని దిగేది. ఆ పిల్ల వెతికేది ఒక్కటే. ఈ సముద్రం ఎప్పుడూ లోతుగానే లేదు, ఒక దశలో ఇక్కడ వెనక్కి తగ్గింది, అడుగున ఉన్న బురద బయటపడి ఎండకు ఎండింది అని ఆ పిల్ల వాదన. బురద ఎండితే ఏమవుతుంది? నెర్రెలిస్తుంది. ఆ నెర్రెలు రాతిలో మిగిలి ఉండాలి. అవి చూపించమంటారు వాళ్ళ గైడు, ప్రొఫెసర్ బెంజిమిన్ గారు. ఆయన వచ్చే శనివారం గురజాల వస్తున్నారు. ఆ లోపల చూపించలేకపోతే పల్నాడు అధ్యాయం థీసిస్‌లోంచి ఎగిరిపోతుంది. ఇంకో జిల్లా, ఇంకో రాయి, మొదటి నుంచి మళ్ళీ మొదలు. థీసిస్ మీద పెట్టిన రెండేళ్ళ కష్టం గంగలో కలిసినట్టే. ఈ సంగతి ఆ పిల్ల నా గోంగూర పచ్చడి కలుపుకుంటూ చెప్పింది గానీ, ముద్ద నోట్లో పెట్టుకోలేదు.

నేనూ బీఎస్సీ చదివాను. నరసరావుపేటలో మూడేళ్ళు రోజూ బస్సులో వెళ్ళి మరీ చదివాను. ఆ డిగ్రీ నా పెళ్ళి శుభలేఖలో పేరు పక్కన అచ్చయింది. ఆ తర్వాత దానికి పెద్దగా పని పడలేదు. అందుకేనేమో, హరిత రాళ్ళ కబుర్లు చెబుతుంటే పప్పు మాడినా నాకు తెలిసేది కాదు.

ఆదివారం పొద్దున మా బోరు మోటరు కాలిపోయింది. మేడ మీద కుళాయి ఆగిపోయేసరికి హరిత బట్టల బకెట్టుతో పెరట్లోకి దిగింది. ఇన్ని నెలల్లో ఆ పిల్ల మా పెరడు చూడ్డం అదే మొదలు. ఇంటి పక్క నుంచే మెట్లెక్కి దిగేది, పెరడుతో పనేముంది?

మా పెరట్లో ఈశాన్యం మూల బోరు, బోరు పక్కనే బట్టలుతికే బండ. ఇల్లు మావారు అణువణువూ వాస్తు ప్రకారం కట్టించారు. బీరువా నైరుతిలో, పొయ్యి ఆగ్నేయంలో, నేను పొయ్యి దగ్గర. నేను తొట్టిలో మిగిలిన నీళ్ళు చెంబుతో అందిస్తుంటే హరిత బండ ముందు గొంతుక్కూర్చుంది. ఒక చొక్కాకి సబ్బు రాసింది. చొక్కా పక్కన పెట్టింది. చెంబు తీసుకుని బండ మీద నీళ్ళు పోసింది. మళ్ళీ పోసింది. నురగ కొట్టుకుపోయాక ఫోన్లో లైటు వేసి, బండకు చెంప ఆనించినంత దగ్గరగా వంగి చూడ్డం మొదలుపెట్టింది. ఉతకాల్సిన నీళ్ళన్నీ బండకే అయిపోయాయి.

"ఆంటీ, దీని మీద ఏంటి రుద్దుతారు మీరు?"

"ఇనప పీచు. ఆ గీతల్లో సబ్బు చేరి చస్తుంది."

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఇల్లు కట్టినప్పటి నుంచి. పదిహేనేళ్ళు."

హరిత రెండు చేతులతో తల పట్టుకుంది. ఏడుస్తోందనుకుని దగ్గరికి వెళ్ళాను. నవ్వుతోంది. నవ్వుతూనే నా చెయ్యి పట్టి లాగి కూర్చోబెట్టింది. చూడండి ఆంటీ, చూడండి అంది.

చూశాను. రోజూ చూసే బండే. దాని మీద పక్కపక్కనే సన్నగా అలలు అలలుగా గట్లు. సూర్యలంక వెళ్ళినప్పుడు అల వెనక్కి పోయాక తడి ఇసక మీద మిగులుతాయే, అచ్చం అలాంటివి. ఆ గట్లను అడ్డదిడ్డంగా కోసుకుంటూ వలలాంటి నెర్రెలు. నీళ్ళతో తడపడం వల్ల ప్రతి గీతా నల్లగా తేలి కనపడుతోంది. నా వేలు పట్టుకుని ఒక గట్టు మీద ఆనించింది హరిత. ఇది అల ఆంటీ, నీళ్ళు ఇలా వచ్చి ఇలా పోయాయి, తర్వాత ఎండిపోయింది అంది. చెట్టు లేదు, చేప లేదు, పిట్ట లేదు, చూసేవాడు లేడు. అయినా ఒక అల వచ్చి పోయింది. దాని మీద నేను మావారి ప్యాంట్లు బాదుతున్నాను.

జాన్‌బీని గోడ మీదుగా కేకేసి పిలిచాను. ఆవిడ వచ్చి చూసి, మా బాత్రూంలోనూ ఇట్లాంటిదే ఉందక్కా, కాలు జారదని వేశాడు మా ఆయన అంది. హరిత తడి చేతులతోనే వాళ్ళింట్లోకి పరుగెత్తింది. అక్కడా అలలే. నెర్రెలు మాత్రం సగం సిమెంటు కింద పోయాయి.

ఇంకేముంది, దొరికేసింది కదా అనుకున్నాను. హరిత మొహంలో నవ్వు మెల్లగా తగ్గింది. చోటు మారిన బండ సాక్ష్యం కాదట. ఏ నేలలో, ఏ పొర నుంచి తీశారో ఆ పొరను అక్కడే చూపించాలి. పైగా నీళ్ళ అడుగునే బురద ముడుచుకుని చీలే సందర్భాలూ ఉంటాయట. ఎండకు చీలినవైతే నెర్రెల మధ్య పెంకుల అంచులు పైకి లేచి ఉంటాయి, గైడుగారు ముందు చూసేది అదే అంది. మా బండ మీద ఆ అంచులు ఉన్నాయా అని అడిగాను. హరిత మర్యాదగల పిల్ల, ఇనప పీచు వైపు చూసి ఊరుకుంది.

బండ ఎక్కడిదో చెప్పాల్సింది మావారు. ఆయన పేపరు మడిచి, కళ్ళజోడు తీసి, ఇలాంటి ప్రశ్న కోసమే పదిహేనేళ్ళుగా ఎదురుచూస్తున్నట్టు చెప్పారు.

"మాచర్ల బండమ్మా. ఫస్టు క్వాలిటీ. దగ్గరుండి ఏరించా ఒక్కొక్కటీ. కావాలంటే మీ ఆంటీని అడుగు."

నన్నడిగితే నేనూ అదే చెబుతాను. గృహప్రవేశం నాడు వచ్చినవాళ్ళందరికీ ఆయన అదే చెప్పారు. అంతకు ముందు ఏడాదే మా అన్నయ్య నరసరావుపేటలో ఇల్లు కట్టి మాచర్ల బండలు వేయించాడు. బావ వేయించాక బావమరిది వేయించకపోతే ఎలా?

బండలు పరిచిన సత్తార్‌ను కూడా అడుగుదామని టీకి పిలిచాం. ఏ క్వారీ నుంచి వచ్చాయో గుర్తుందా అని హరిత అడిగింది. సత్తార్ మావారి వైపు చూశాడు. మావారు పంకా వైపు చూశారు. సారుకే తెలవాల తల్లీ అని సత్తార్ సగం గ్లాసు టీ వదిలేసి లేచాడు. నేను పెట్టిన టీ సత్తార్ వదిలేయడం నేనెప్పుడూ చూడలేదు. ఆ సంగతి అప్పుడు మనసులో పెట్టుకోలేదు, అంతే.

సోమవారం, మంగళవారం హరిత మాచర్ల పోయింది. ఒక్కో క్వారీలో దిగి పొరలు చూసి, యాసిడ్ చుక్క వేసి, ఫోటో తీసి, సాయంత్రానికి వడదెబ్బ తిన్న మొహంతో వచ్చేది. రంగు కలవట్లేదు ఆంటీ, పొర మందం కలవట్లేదు అనేది. నేను మజ్జిగ ఇచ్చేదాన్ని. మావారు, చానా పెద్ద ఏరియా అమ్మా అది, ఓపిగ్గా చూడాల అని ధైర్యం చెప్పేవారు.

ఊరికే మజ్జిగ ఇస్తూ కూర్చోవడం నాకు చేతకాలేదు. బుధవారం మధ్యాహ్నం నేనూ జాన్‌బీ సొంతంగా పరిశోధన మొదలుపెట్టాం. అలల గట్లు ఏ దిక్కుకు ఉంటే నీళ్ళు ఆ దిక్కు సంగతి చెబుతాయని హరిత ఎప్పుడో అంది. జాన్‌బీ ఫోన్లో దిక్కులు చూపించేది ఉంది. మా లైన్లో ఏ ఇంట్లో అలల బండ ఉంటే ఆ ఇంటికి వెళ్ళాం. బాత్రూముల్లో, గొడ్ల పాకల్లో, తులసికోట ముందు. ఎందుకని అడిగినవాళ్ళకు సర్వే అని చెప్పింది జాన్‌బీ. ఆ మాటతో అందరూ తలుపులు తీశారు, ఒకావిడ రేషన్ కార్డు కూడా తెచ్చింది. ప్రతి బండ మీదా ఫోను పెట్టి చూశాం. ఒక్క తేడా లేదు. గట్లన్నీ ఈశాన్యానికే. సముద్రం ఎటు పారిందో రెండు గంటల్లో కనిపెట్టేశాం.

హరిత బస్సు దిగగానే గేటు దగ్గరే చెప్పేశాం. పాపం ఆ పిల్ల మొదట మర్యాదగా విన్నది. తర్వాత మెట్ల మీద కూలబడి కళ్ళల్లో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది.

"ఆంటీ, బండల్ని ఎటు కావాలంటే అటు తిప్పి పరుస్తారు కదా. అవి సముద్రం సంగతి ఎలా చెబుతాయి?"

జాన్‌బీ నోటి మీద చెయ్యి వేసుకుంది. నీళ్ళు ఈశాన్యానికి పారాలని ఇంటివాళ్ళు అంటారు కాబట్టి, వాళ్ళాయన గట్లను ఆ వాలుకే తిప్పి పరుస్తాడట. అలవాటు మీద వాళ్ళ సొంత బాత్రూంలోనూ అలాగే పరిచాడట. ఆ మహాసముద్రం వాస్తు ప్రకారం పారిందని తేల్చినవాళ్ళం ప్రపంచంలో మేమిద్దరమే అయ్యుంటాం.

నవ్వులయ్యాక జాన్‌బీ ఒక మాట అంది. ఈ అలల బండలన్నీ మీ ఇల్లు కట్టేటప్పుడు వచ్చిన సరుకులోవే అక్కా, మిగిలినవి లైన్లో తలా ఒకటి తీసుకున్నాం. పిచ్చయ్య ట్రాక్టరు పొద్దున ఒకసారి, మాపున ఒకసారి తెచ్చి పోసేది అంది.

నేను గేటు పట్టుకుని ఆగిపోయాను. బండలతో ట్రాక్టరు మాచర్ల నుంచి గురజాలకు ఒకే రోజులో రెండుసార్లు ఎలా వస్తుంది? అంత దూరం నుంచైతే లారీలో రావాలి. ఆ బండలు ఇక్కడిక్కడివే. సత్తార్ వదిలేసిన టీ అప్పుడు గుర్తొచ్చింది.

మావారి సంగతి నాకు తెలుసు. సూటిగా అడిగితే ఇంకో రెండు క్వారీల పేర్లు చెప్పి ఆ పిల్లను గురువారం, శుక్రవారం కూడా మాచర్లలో తిప్పుతారు. ఆయన చెడ్డవారు కాదు. పదిహేనేళ్ళుగా చెప్పిన మాట, ఇప్పుడు తప్పని ఎలా అంటారు? దారి ఆయనే వేసుకుని రావాలి. మనం వాలు సరిచెయ్యాలి, అంతే.

రాత్రి అన్నం వడ్డిస్తూ మొదలుపెట్టాను.

"ఏమండీ, మన బట్టలుతికే బండ ఎండిపోయిన సముద్రమటగా."

"ఊఁ. చెప్పింది పిల్ల."

"ఈశాన్యంలో నిండుగా నీళ్ళుండాలంటారు కదా మీరు. చుక్క లేకుండా ఆవిరైపోయిన సముద్రాన్ని తెచ్చి సరిగ్గా అక్కడే పరిచాం. మోటరు ఊరికే కాలుతుందా?"

ముద్ద మధ్యలో ఆగింది. బోరులో నీళ్ళు కూడా ఈ ఏడు తగ్గాయని నేను కలిపాను. అది నిజమే. ఊళ్ళో అన్ని బోర్లలోనూ తగ్గాయి, ఆ సంగతి చెప్పాల్సిన అవసరం కనపడలేదు.

"ఇప్పుడేం చేయాలంటావ్?"

"ఎక్కడి నుంచి తెచ్చామో అక్కడికే తీసుకెళ్ళి పెట్టి రావాలట."

"ఎవరన్నారు?"

"అనేవాళ్ళు అన్నారు. మాచర్లే కదా, పొద్దున్నే లారీ మాట్లాడండి."

ఆయన మజ్జిగ పోసుకోకుండానే లేచారు. చేయి కడుక్కున్నారు. వరండాలోకి వెళ్ళారు, వచ్చారు. నేను గిన్నెలు సర్దుతుంటే వంటింటి గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకున్నారు.

"మాచర్ల దాకా అక్కర్లేదే."

నేను వెనక్కి తిరగలేదు. తిరిగితే నవ్వు కనపడుతుంది. ఆయన గోడకు చెబుతున్నట్టు చెప్పుకొచ్చారు. ఊరి బయట కృష్ణ వైపు పోయే డొంకలో పిచ్చయ్య బండలు తీసిన గుంత, మనవి అక్కడివే. రాయి మంచి గట్టిది, మాచర్లకి ఏం తీసిపోదు. కాకపోతే అడుగుకు పోయేకొద్దీ అలలు అలలుగా వస్తోందని జనం కొనడం మానేశారు. మొదట వచ్చిన నున్నటివి ఇంట్లోకి, చివర వచ్చిన అలలవి పెరట్లోకి పోయాయి. మీ అన్నయ్య మాచర్ల మాచర్ల అని ఊదరగొట్టాడు కాబట్టి నోటికి ఆ మాటే వచ్చింది, సత్తార్‌ను ఎవరికీ చెప్పొద్దన్నాను, వాడు మాట మీద నిలబడ్డాడు. అంతా చెప్పి, ఇప్పుడు దోషం పోతుందా అని అడిగారు. పోయే సూచనలు కనపడుతున్నాయన్నాను.

మర్నాడు పొద్దున్నే ఆటోలో బయల్దేరాం. హరిత, నేను, మావారు, డ్రైవరు పక్కన సత్తార్. నన్ను వదిలేసి సముద్రానికి పోతారా అని జాన్‌బీ కూడా ఎక్కి కూర్చుంది. మాట నుంచి విడుదలైన సత్తార్ దారంతా మాట్లాడుతూనే ఉన్నాడు.

గుంత చుట్టూ సర్కారు తుమ్మ కమ్ముకుంది. సత్తార్ కత్తితో కంప నరుకుతుంటే సందులోంచి దిగాం. నాలుగు వైపులా రాతి గోడలు, పుస్తకం అంచు చూసినట్టు సన్నటి పొరలు. అడుగున పచ్చటి నీళ్ళు. ఒడ్డున పిచ్చయ్య గేదెలు. పిచ్చయ్య తువ్వాలు నెత్తిన వేసుకుని, ఇంతమంది ఒకేసారి రావడం చూసి లేచి నిలబడ్డాడు.

హరిత నేరుగా గోడ దగ్గరికి పోయి భూతద్దం పెట్టింది, యాసిడ్ చుక్క వేసింది, సంచిలోంచి మా బండ అంచున రాలిన పెచ్చు తీసి పక్కన పెట్టి చూసింది. అలా పొర పొరా కిందికి దిగుతూ నీటి అంచు దాకా వచ్చింది. అక్కడి నుంచే పిచ్చయ్యను అడిగింది, తవ్వడం ఎక్కడ ఆపేశారని.

"అడుగున అంతా అలల రాయే తగిలిందమ్మా. కొనే నాథుడు లేడు. ఇంకెందుకని ఆపేశాం."

హరిత చెప్పులు వదిలేసి మోకాలి లోతు నీళ్ళలోకి దిగింది. రెండడుగులు వేసి ఆగిపోయింది. వెనక్కి తిరిగిన ఆ పిల్ల మొహం నేను మర్చిపోలేను.

"ఆంటీ, కాళ్ళకి తెలుస్తోంది. దిగండి. మీరూ దిగండి."

చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని దిగాను. అరికాళ్ళ కింద గట్లు. పక్కపక్కనే, వరసగా, ఎంత దూరం నడిస్తే అంత దూరం. మా బండ ఒక్క ముక్క, ఇక్కడ నేలంతా అదే. ఎవరికీ అక్కర్లేదని వదిలేయబట్టి, ఉన్నది ఉన్నట్టు, ఇనప పీచు తగలకుండా మిగిలిపోయింది. జాన్‌బీ కూడా దిగి, యాఅల్లా, ఇది మా బాత్రూమే కదక్కా అంది.

కానీ కాళ్ళకు తెలిస్తే గైడుగారికి చాలదు. నెర్రెలు కంటికి కనపడాలి, అంచులు పైకి లేచాయో లేదో తేలాలి. నీళ్ళు తోడాలి. పిచ్చయ్య అడ్డంగా తల ఊపాడు. ఎండాకాలం గేదెలకు ఉన్న నీళ్ళు ఇవే, తోడి పారబోస్తే వాటి గతేంటి? న్యాయమైన మాట. అప్పుడు మావారు ముందుకొచ్చారు. ఈశాన్య దోషం ఇంకా పూర్తిగా పోలేదన్న బెంగ ఆయనది. పక్కనే ఇంకో పాత గుంత ఖాళీగా పడి ఉంది కదా, నీళ్ళు అందులోకి ఎత్తుదాం, పనయ్యాక మళ్ళీ ఇందులోకే ఎత్తుదాం, ఇంజను నేను తెస్తా అన్నారు. పిచ్చయ్య ఆలోచించి, గేదెలు ఏ గుంతలో తాగితే ఏందిలే అన్నాడు.

శనివారం పొద్దున ప్రొఫెసర్ బెంజిమిన్ గారు వచ్చేసరికి ఇంజను డుబుడుబు కొడుతోంది. పొట్టి మనిషి, నెత్తిన తెల్ల టోపీ. దేనికైనా 'ఊఁ' అనడం తప్ప ఇంకో మాట లేదు. హరిత పొరల గురించి చెప్పింది, ఊఁ. మా పెరటి బండ ఫోటోలు చూపించింది, ఊఁ. ఇలాంటివి నీళ్ళ కింద కూడా చీలుతాయి తెలుసుగా అన్నారు. హరిత తెలుసు సార్ అంది.

నీళ్ళు తగ్గుతున్నాయి. ముందు గుంత అంచున ఒక గట్టు వీపు పైకి తేలింది. దాని పక్కన ఇంకోటి. చూస్తుండగానే వరసలు వరసలుగా, తడిసి మెరుస్తూ, ఒక్కో అల బయటికి వచ్చింది. నీళ్ళు వాటి మధ్య నుంచి వెనక్కి జారుతుంటే, మా కళ్ళ ముందే ఆ సముద్రం రెండోసారి వెనక్కి పోతున్నట్టుంది. జాన్‌బీ నా భుజం గట్టిగా పట్టుకుంది. సత్తార్ బీడీ వెలిగించడం మర్చిపోయాడు. తర్వాత నెర్రెలు వచ్చాయి. ఒకటీ రెండూ కాదు, గుంత ఈ మూల నుంచి ఆ మూలకి, గట్లను అడ్డంగా కోసుకుంటూ, వల పరిచినట్టు. మా రేగడి చేను ఏప్రిల్లో ఇట్టాగే ఉంటది అన్నాడు పిచ్చయ్య తనలో తాను.

ప్రొఫెసర్ గారు కిందికి దిగారు. వంగారు. మోకాళ్ళ మీద కూర్చున్నారు. ఆఖరికి టోపీ తీసి పక్కన పెట్టి, ఆ తడి రాతి మీద బోర్లా పడుకుని భూతద్దం కంటికి ఆనించారు. ఒక పెంకు, దాని పక్కది, దాని పక్కది. పాకుతూ వెళ్తున్నారు. హరిత నా చెయ్యి పట్టుకుంది. ఇంజను ఆగిపోయింది. ఒక గేదె అరిచింది.

ఆయన లేచి కూర్చున్నారు. చొక్కా ముందంతా బురద. ఒక పెంకు అంచు మీద వేలితో మెల్లగా రాస్తూ అన్నారు.

"అంచులన్నీ పైకి లేచాయి. హరితా, ఆ రోజుల్లో ఇక్కడ ఎండ బాగా కాసిందమ్మా."

హరితకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక ముందు నా మొహంలోకి చూసింది, తర్వాత ఆయన వైపు చూసింది.

"అంటే, చాప్టర్ ఉంచొచ్చా సార్?"

"ఉంచడమేంటి, ముందుకు జరుపు. దీంతోనే మొదలుపెట్టు."

ఆ పిల్ల గుంతలోకి దూకింది. చెప్పుల్లేకుండా ఆ అలల మీద ఈ చివరి నుంచి ఆ చివరికి పరుగెత్తింది. నేనూ దిగాను. ఈ వయసులో పరుగెత్తానని ఎవరైనా అంటే నమ్మొద్దు. కొంచెం వేగంగా నడిచాను. ఎండ ఇవాళ కూడా బాగానే కాస్తోంది సారూ, నీడకు రండి అని జాన్‌బీ పైనుంచి పిలుస్తోంది.

మావారు మాత్రం పైనే నిలబడి ఏదో లెక్క తేలనట్టు ఉన్నారు. చివరికి దిగి వచ్చి హరితను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి అడిగారు.

"అమ్మా, ఎండింది సరే. మళ్ళీ నీళ్ళొచ్చినాయా రాలేదా?"

"వచ్చాయి అంకుల్. పైనున్న ఈ పొరలన్నీ మళ్ళీ నీళ్ళలో పేరుకున్నవే. ఎండింది కొన్నాళ్ళే. ఆ తర్వాత సముద్రం తిరిగి వచ్చేసింది."

ఆయన మొహం విప్పారింది. మోటరు రిపేరు చేసి ఇచ్చేవాడు కూడా అంత సంతోషపెట్టలేడు. నేరుగా ప్రొఫెసర్ గారి దగ్గరికి వెళ్ళి, టోపీ అందించి, ఊరందరికీ వినపడేలా చెప్పారు. మా ఇంట్లో బండలన్నీ ఇక్కడివేనండీ, ఒక్కటి కూడా మాచర్లది కాదు అని. ప్రొఫెసర్ గారు ఊఁ అన్నారు. ఈసారి ఊఁ కొంచెం పొడుగ్గా ఉంది.

అనుకున్నట్టే నీళ్ళు మళ్ళీ గుంతలోకి ఎత్తించారు. బండను డిపార్ట్‌మెంటుకు ఇస్తారా అని హరిత అడిగితే, సముద్రం తిరిగొచ్చిన బండను ఈశాన్యం నుంచి కదపనని మావారు ఖచ్చితంగా చెప్పేశారు. ఇనప పీచు మాత్రం హరిత తీసుకెళ్ళి పారేసింది. సాయంత్రం అందరికీ టీ పెట్టాను. సత్తార్ గ్లాసు ఖాళీ చేసి రెండోది అడిగాడు.

మావారు వరండాలో ఫోన్లో మాట్లాడుతున్నారు. అవతల మా అన్నయ్య అని గొంతు వినగానే తెలిసింది.

"బావా, మీ ఇంట్లో బండలు మాచర్లవే కదూ?" కాసేపు విన్నారు. "పోన్లే బావా. అవీ మంచివే."